వినపడని వాన

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మా హిందీ సార్ సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభలో పోయినవారి గుణగణాలు చెప్పుకోవడం ఆనవాయితీ. సార్‌కు అది గిట్టేది కాదు. "నా సంగతి వదిలేయండి, పాఠం ఒప్పజెప్పండి" అనేవారు. హిందీ ఎమ్మే చదవడానికి వచ్చిన నన్ను సినిమా శబ్దం వైపు మళ్లించింది ఆయనే. ఇరవై ఏళ్లకు పైగా ముంబైలో సౌండ్ ఎడిటర్‌గా బతుకుతున్నాను. కాబట్టి నాకు తెలిసిన విషయమే ఎంచుకున్నాను. పైరసీ హిందీ సినిమాను ఏం చేస్తోంది, ఎవరి నోటి దగ్గర కూడు తీస్తోంది అన్నది నేను చెప్పదలచుకున్నాను.

ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నాక ఒకసారి సార్ వాళ్లింటికి వెళ్లి, తిరిగి వస్తూ తార్నాక స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. పక్క సీట్లో ఒక కుర్రాడు, మెడలో కాలేజీ ఐడీ కార్డు. ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి స్నేహితుడి చెవిలో. ఫోన్‌లో హిందీ సినిమా నడుస్తోంది. బొమ్మ ఓ పక్కకు ఒరిగి ఉంది, కింద ఎవరిదో తల అడ్డం, పైన బెట్టింగ్ యాప్ ప్రకటన పట్టీ. రేకుల ఇంట్లో తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చున్నారు, బయట వాన. నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. ఆ వాన నేను చేసింది.

సీను అయ్యేదాకా ఆగి, "ఎట్లుంది బాబూ సినిమా?" అని అడిగాను.

"మంచిగుంది ఆంటీ. గా వాన సీన్ల ఏం మాట్లాడుకున్నరో ఇనవడలే" అన్నాడు.

ఆ అబ్బాయి నాతో ఏ అబద్ధమూ చెప్పలేదు. నిజంగానే వినపడలేదు. ఆ వాన సంగతి కొంచెం చెప్పనివ్వండి.

నిజమైన వానను మైకుతో పట్టి తెస్తే అది వానలా వినిపించదు. మూకుడులో నూనె కాగుతున్నట్టు ఉంటుంది. అందుకే వానను పొరలు పొరలుగా కట్టాలి. మేం రేకు మీద బియ్యపు గింజలు జారవిడిచాం. చూరు నుంచి బకెట్లో పడే ధార వేరుగా, బురదలో పడే చినుకు వేరుగా, దూరంగా సందు చివర పడే వాన వేరుగా రికార్డు చేశాం. ఆ సీన్లో కూతురు తండ్రితో ఒకటే మాట చెబుతుంది: మళ్లీ అత్తింటికి పోనని. ఆ మాట దగ్గర వాన ఒక్క క్షణం సన్నగిల్లాలి. తండ్రి జవాబు చెప్పబోతుంటే హోరెత్తి ఆ జవాబును మింగేయాలి. ఆయన ఏమన్నాడో ప్రేక్షకుడికి తెలియకూడదు, కూతురి ముఖంలోనే చదువుకోవాలి. ఆ రెండున్నర నిమిషాలకు నేనూ నా అసిస్టెంట్లు ఇద్దరూ తొమ్మిది రోజులు పనిచేశాం.

థియేటర్లో ఫోన్ పెట్టి తీసిన కాపీలో ఇది బతకదు. ఫోన్‌లోని మైకు చిన్న చప్పుడును తనంతట తాను పెంచుతుంది, పెద్ద చప్పుడును తగ్గిస్తుంది. మనం ఎక్కడ సన్నగిల్లాలని తొమ్మిది రోజులు తంటాలు పడ్డామో అక్కడ హాల్లో ఏసీ మోతను పైకి తెస్తుంది. ఎక్కడ హోరెత్తాలో అక్కడ నొక్కేస్తుంది. కూతురి మాట, తండ్రి జవాబు, వాన అన్నీ కలిసి ఒకే గరగర. సినిమా ఉచితంగా చూశానని కుర్రాడు అనుకుంటున్నాడు, కానీ ఆ సినిమా అతనికి దక్కనే లేదు.

ఇక డబ్బు సంగతి. ఆ సినిమా చిన్నది. నా పారితోషికం మూడు విడతలు: ఒప్పందం రోజున కొంత, ఫైనల్ మిక్సింగ్‌కు ముందు కొంత, విడుదలయ్యాక మిగతాది. శుక్రవారం విడుదలైంది. ఆ రాత్రికే కాపీ బయటికొచ్చింది. సోమవారానికి షోలు సగానికి సగం ఎత్తేశారు. మూడో విడత నాకు ఇప్పటికీ రాలేదు. నిర్మాతను నిందించడానికి మనసొప్పదు, ఆయన ఇల్లు తాకట్టులో ఉందని నాకు తెలుసు. నా అసిస్టెంట్లకు నా జేబులోంచి ఇచ్చాను. కేవలం పైరసీ వల్లే ఆ సినిమా పోయిందని నేను ప్రమాణం చేయలేను. నాలుగు రోజులు నిలబడి ఉంటే నోటిమాట మీద కోలుకునేదేమో. ఆ నాలుగు రోజులే దానికి దక్కలేదు.

ఆ నాలుగు రోజుల విలువ ఏమిటో తెలియాలంటే వసూళ్ల వాటా ఎలా పంచుకుంటారో చూడాలి. 2009లో హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ పెద్ద గొడవ జరిగింది. రెండు నెలలు కొత్త హిందీ సినిమాలు మల్టీప్లెక్సులకు రాలేదు. చివరికి కుదిరిన ఒప్పందంలో పంపిణీదారుకు మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30 శాతం. రోజులు గడిచేకొద్దీ సినిమా తీసినవాడి వాటా కరుగుతుందన్న మాట. పైరసీ కాపీ వచ్చేది ఎప్పుడు? వాటా ఎక్కువున్న మొదటి వారంలోనే. ఈ భయంతో పెద్ద నిర్మాతలు మొదటి మూడు రోజుల్లోనే దండుకోవాలని వేల తెరల మీద ఒకేసారి దింపుతున్నారు, టికెట్ ధర పెంచుతున్నారు. ధర భరించలేనివాడు మళ్లీ పైరసీ వైపు పోతున్నాడు. మధ్యలో చిన్న సినిమాకు తెరే దొరకడం లేదు.

నష్టం లెక్కలు పత్రికల్లో చూసే ఉంటారు. ఈవై సంస్థ, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి 2024 అక్టోబరులో ఒక నివేదిక ఇచ్చాయి. దాని ప్రకారం 2023లో మన దేశంలో పైరసీ వ్యాపారం విలువ 22,400 కోట్ల రూపాయలు. అందులో థియేటర్ల నుంచి దొంగిలించినది 13,700 కోట్లు, ఓటీటీల నుంచి 8,700 కోట్లు. సినిమాలూ సీరీస్‌లూ చూసేవాళ్లలో 51 శాతం మంది దొంగ దారిలో చూస్తున్నారట. సినిమా మనిషిగా ఈ అంకెలు నాకు అనుకూలమే. అయినా ఒక మాట చెప్పాలి. అదే 2023లో దేశంలో అన్ని భాషల సినిమాల టికెట్ వసూళ్లు కలిపితే సుమారు 12 వేల కోట్లు. పోయిందంటున్నది వచ్చినదానికంటే ఎక్కువ. దొంగ కాపీ చూసిన ప్రతివాడూ అది లేకపోతే టికెట్ కొనేవాడా? నేను నమ్మను. మెస్ బిల్లు కట్టడానికే వెనకాముందాడే హాస్టల్ పిల్లాడు వారానికి మూడు సినిమాలకు ఎక్కడి నుంచి తెస్తాడు? ఉన్నది ఉన్నట్టు చెబితేనే మన మాట నిలుస్తుంది. నష్టం నిజం, చాలా పెద్దది. కానీ అది అందరి మీదా సమానంగా పడటం లేదు.

మన తెలుగు సినిమానే చూడండి. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సుమారు గంటన్నర సినిమా బయటికొచ్చింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముతుండగా సంగతి తెలిసింది. అక్టోబరు 9న రావాల్సిన సినిమాను హడావిడిగా సెప్టెంబరు 27న విడుదల చేశారు. అయినా అది ఘనవిజయం సాధించింది. పవన్ కల్యాణ్ అభిమానులు థియేటర్లను నింపేశారు. పెద్ద చెట్టు గాలివానకు కొమ్మ విరిగినా నిలబడుతుంది. నారుమడి అలా నిలబడదు. ఒక తారగానీ, ఆయన వెనక అభిమానుల సంఘంగానీ లేని సినిమాకు అదే జరిగి ఉంటే ఈ రోజు దాని పేరైనా మనం చెప్పుకునేవాళ్లం కాదు.

'అత్తారింటికి దారేది' కాపీ ఎక్కడి నుంచి బయటపడింది? పోలీసులు తేల్చింది లోపలి మనుషుల చేతుల్లోంచే అని. హిందీలో 2016 నాటి 'ఉడ్తా పంజాబ్' సంగతి ఇంకా బాధాకరం. సెన్సారు వాళ్లు పదుల కొద్దీ కోతలు చెబితే నిర్మాతలు బొంబాయి హైకోర్టుకు వెళ్లి, ఒకే ఒక్క కోతతో జూన్ 13న అనుమతి తెచ్చుకున్నారు. 17న విడుదల. రెండు రోజుల ముందే, 15న, పూర్తి సినిమా ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. ఆ కాపీ మీద సెన్సారు కోసం ఇచ్చినదన్న ముద్ర ఉంది. మాట్లాడే హక్కు కోసం కోర్టు దాకా పోయి గెలిచినవాళ్లకు ఆ గెలుపు రెండు రోజులు కూడా మిగల్లేదు.

మరుసటి ఏడు 'బాహుబలి 2'. దాని దొంగ కాపీ చూపించి డబ్బు గుంజబోయిన ముఠాను హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పట్టుకున్నారు. కాపీ పుట్టిన చోటు బిహార్‌లోని బేగుసరాయ్‌లో ఒక థియేటరు. అంత దూరం దారి ఎలా దొరికింది? ప్రతి థియేటర్‌లో నడిచే సినిమాలోనూ బొమ్మలో, శబ్దంలో కంటికీ చెవికీ అందని గుర్తులు ఉంటాయి. ఫోన్‌తో వంకరగా తీసినా ఆ గుర్తు చెరగదు. ఏ తెర మీద, ఏ తేదీన, ఏ ఆటలో తీశారో చెప్పేస్తుంది. అసలు సినిమా థియేటర్‌కు చేరేదే తాళం వేసి. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా, ఫలానా యంత్రం మీద మాత్రమే తెరుచుకునే తాళంచెవిని విడిగా పంపుతారు.

తార్నాక అన్న పేరుకు సార్ ఒక అర్థం చెప్పేవారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. వెనకటికి ఇక్కడి తోట చుట్టూ తీగ కంచె, దానికొక నాకా ఉండేదట. సినిమా చుట్టూ మేం అంతకంటే గట్టి కంచె కట్టాం. కానీ నాకా దగ్గర కూర్చున్న మనిషి సంగతే పట్టించుకోలేదు. ఎడిటింగ్ గదిలో నెలల తరబడి జీతం అందని కుర్రాడి చేతిలో, కోట్ల రూపాయల సినిమా ఉన్న హార్డ్‌డిస్క్ పెట్టి పంపడం నేను కళ్లారా చూశాను. లీకు చేయడం తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే సినిమా తనదన్న భావం పనివాడికి కలగకుండా చేసిన పాపంలో మాకూ వాటా ఉంది.

ఈ రోగం కొత్తది కాదు. 80ల్లో దుబాయి నుంచి వచ్చే వీడియో క్యాసెట్లు హిందీ సినిమాను కుంగదీశాయి. మధ్యతరగతి ఇంట్లోనే కూర్చుంది. పాత థియేటర్లకు మరమ్మతులు చేసే దిక్కు లేకపోయింది. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. అయితే జనాన్ని మళ్లీ హాలుకు రప్పించింది శిక్ష కాదు. 1994లో రాజశ్రీ వాళ్లు 'హమ్ ఆప్కే హై కౌన్' వీడియో హక్కులు అమ్మకుండా పట్టుదలగా ఉన్నారు. మొదట కొద్ది థియేటర్లలోనే, మంచి శబ్దంతో, శుభ్రమైన హాళ్లలో వేశారు. కుటుంబాలు తిరిగి వచ్చాయి. తెలుగులో 'ప్రేమాలయం' పేరుతో మనవాళ్లూ ఆదరించారు.

తర్వాత సీడీల కాలం. కోఠి ఫుట్‌పాత్‌ల మీద పాలిథిన్ కవర్లలో వరసగా పేర్చి అమ్మేవారు. అప్పుడు మోజర్ బేర్ కంపెనీ అసలు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు తెచ్చింది. మా కాలనీ కిరాణా కొట్లో కూడా దొరికేవి. నాలుగు రూపాయల తేడాకు గీతలు పడ్డ దొంగ సీడీ ఎవడు కొంటాడు? ఆ కంపెనీ తర్వాత నిలవలేదు, డిస్కుల కాలమే అయిపోయింది. కానీ అప్పుడు జనం ఎటు మొగ్గారో నేను మర్చిపోలేదు. నిజాయితీగా కొనే దారి దగ్గరగా, చవకగా ఉంటే మన జనం ఆ దారినే పోయారు.

ఇప్పుడు సైట్ల కాలం. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు పైరసీ సైటు ఐబొమ్మ నిర్వాహకుడంటూ ఒక యువకుణ్ణి కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు వంటివారు కమిషనర్‌ను కలిసి కృతజ్ఞతలు చెప్పారు. కేసు కోర్టు చూసుకుంటుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. అరెస్టయిన వ్యక్తిని పేదల పాలిటి దేవుడిలా పొగుడుతూ వేలమంది పోస్టులు పెట్టారు. వాళ్లను తిట్టి ఊరుకుంటే సరిపోదు. 2024 డిసెంబరులో 'పుష్ప 2' ప్రీమియర్‌కు మన రాష్ట్రంలో టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి అనుమతి వచ్చింది. నలుగురున్న ఇంటికి ఆ లెక్క వేసి చూడండి. అభిమానం పేరుతో మనిషిని పిండితే, ఆ మనిషి మనవైపు నిలబడతాడని ఎలా అనుకుంటాం?

అలాగని ఐబొమ్మ లాంటివి పేదల పక్షం అనుకుంటే పొరపాటు. ఆ సైటు ద్వారా సుమారు 50 లక్షల మంది వివరాలు నిర్వాహకుడి చేతికి చిక్కాయని, బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలే ఆదాయమని పోలీసులు అప్పట్లో చెప్పారు. మెట్రోలో ఆ అబ్బాయి చూస్తున్న బొమ్మ మీద పట్టీ అదే. బెట్టింగ్‌లో ఫీజు డబ్బు పోగొట్టుకుని ఇంటికి మొహం చూపించలేని పిల్లలు ఈ హాస్టళ్లలోనూ ఉన్నారు, మీకు నాకంటే బాగా తెలుసు. టికెట్ డబ్బు మిగిలిందనుకుంటే ఇంకో జేబుకు చిల్లు పడుతోంది.

చట్టం ఇప్పుడు గట్టిదే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. దొంగతనంగా సినిమా రికార్డు చేసినా, ప్రసారం చేసినా మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు. జరిమానా 3 లక్షలతో మొదలై, సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు. ఢిల్లీ హైకోర్టు 2019లోనే, ఒక సైటును మూస్తే అదే సైటు ఇంకో పేరుతో వచ్చినా మళ్లీ కొత్త దావా వేయనక్కర్లేకుండా ఆదేశాలిచ్చింది. ఇవన్నీ అవసరమే, నేను కాదనను.

విద్యార్థులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మేం పుస్తకాలు జిరాక్స్ తీసుకుని చదివామే, అది తప్పా?" కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్స్ దుకాణం మీద విదేశీ ప్రచురణ సంస్థలు దావా వేస్తే, 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల వైపే నిలబడింది. చదువుకు చట్టమే చోటిచ్చింది. నేనూ జిరాక్స్ కాగితాల మీద ఎమ్మే పూర్తిచేసినదాన్నే. పాఠం చదువుకోవడానికీ, శుక్రవారం సినిమాను శుక్రవారం రాత్రే కాజేసి బెట్టింగ్ ప్రకటనలతో అమ్ముకోవడానికీ పోలిక లేదు.

అయితే ఈ రెంటి మధ్య ఒక సందు ఉంది. అక్కడ సార్ నిలబడ్డారు. మా ఎమ్మే రెండో ఏడాదిలో ఎం.ఎస్. సత్యు తీసిన 'గరమ్ హవా' గురించి చెబుతూ, అది చూడందే పాఠం పూర్తి కాదన్నారు. ఆ సినిమా అప్పట్లో ఎక్కడా దొరికేది కాదు. ఆఖరికి ఎవరి దగ్గరో కాపీకి కాపీ అయిన క్యాసెట్ ఒకటి సంపాదించారు. తార్నాకలో సార్ వాళ్లింట్లో, వాళ్లావిడ, మా మేడమ్ పెట్టిన ఉప్మా తింటూ పదకొండుమందిమి చూశాం. బొమ్మంతా ముగ్గు చల్లినట్టు చుక్కలు, మాట వెంట ఎడతెగని రొద. అయిపోయాక సార్ లైటు వేసి అన్నారు: "ఇది దొంగ సొత్తు. నాకు తెలుసు. ఎవరికి డబ్బు ఇవ్వాలో తెలిసిన రోజున ఇస్తాను. మీరూ గుర్తుపెట్టుకోండి."

నేను ఈ వేదిక మీది నుంచి నా పరిశ్రమను అడిగేది ఇదే. ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వాలో మనిషికి తెలిసేలా చేయండి. 2025లో ఆమిర్ ఖాన్ 'సితారే జమీన్ పర్' సినిమాను థియేటర్ల తర్వాత ఓటీటీకి అమ్మకుండా, యూట్యూబ్‌లో 100 రూపాయలకు పెట్టారు. నెల నెలా చందా అక్కర్లేకుండా, ఇంటిల్లిపాదీ వంద రూపాయలకు చూసే వీలు కలిగింది. అన్ని సినిమాలకూ అది కుదరకపోవచ్చు, కానీ దారి ఆ వైపే ఉంది. విద్యార్థులకు ఐడీ కార్డు చూపిస్తే వారపు రోజుల్లో సగం ధరకు టికెట్ ఇవ్వండి. పాత సినిమాలను డబ్బాల్లో కుళ్లనివ్వకుండా బయటికి తీయండి. ఈ విశ్వవిద్యాలయంలోనే చదువుకుని, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టిన శ్యామ్ బెనెగళ్ 1976లో 'మంథన్' తీసినప్పుడు, గుజరాత్ పాడి రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకున్నారు. ఆ సినిమాను బాగుచేసి 2024లో మళ్లీ విడుదల చేశారు. రెండు రూపాయలిచ్చిన రైతు అప్పట్లో తన సినిమా చూడటానికి లారీలెక్కి వచ్చాడు. సినిమా తనదనుకున్నవాడు దాన్ని దొంగిలించడు.

'గరమ్ హవా'ను కూడా అలాగే బొమ్మా శబ్దమూ శుభ్రం చేసి 2014 నవంబరులో విడుదల చేశారు. సార్ అప్పటికే రిటైరయ్యారు. నాకు ముంబైకి ఫోన్ చేశారు. "అమ్మా, బాకీ తీర్చే రోజొచ్చింది" అన్నారు. ఆ పదకొండుమందిలో ఊళ్లో ఉన్నవాళ్లం, రాగలిగినవాళ్లం ఏడుగురం చేరాం. సార్ మాత్రం పదమూడు టికెట్లు కొన్నారు. పదకొండు మావి, రెండు తనకూ మేడమ్‌కూ. నాలుగు సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

ఆ సినిమా తీసినప్పుడు శబ్దం రికార్డు చేసే పరికరాలకు వాళ్ల దగ్గర డబ్బు లేదు. మూగగా తీసి, తర్వాత గొంతులు కలిపారు. సలీం మీర్జాగా నటించిన బల్‌రాజ్ సాహ్నీ తన డబ్బింగ్ ముగించిన మర్నాడే, 1973 ఏప్రిల్ 13న కన్నుమూశారు. తెర మీద ఆయన మాట్లాడుతున్నంతసేపూ సార్ కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోయారేమోనని మేడమ్ భుజం తట్టింది. కాదన్నట్టు చెయ్యి ఊపారు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి నాతో అన్నారు: "మాట చివర ఆయన ఊపిరి తీసుకోవడం వినపడుతోందమ్మా. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, అక్కడ ఊపిరి ఉందని నాకు తెలియదు."